చీమ కుట్టినంతే

ఫిబ్రవరి 6

ఒరేయ్ చిన్నోడా,

ముప్పై ఆరేళ్లొచ్చినవాణ్ణి పట్టుకుని చిన్నోడా అంటావేమిటని మూతి ముడుచుకోకు. నీకు అరవై దాటినా నాకు అంతే. ఫోన్ ఎత్తితే రెండో నిమిషంలో ఇద్దరం అరుచుకోవడం మొదలుపెడుతున్నాం కాబట్టి ఇకమీదట కాగితం మీదే మాట్లాడుకుందాం. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటివాళ్లకి వినపడదు.

నీళ్లు జోరుగా చిమ్మి గోడలు కడిగే మన పాత యంత్రాన్ని ట్రాలీ మీదికి ఎక్కించి పంపించాను. మీ బావ పంపులో కొత్త నూనె పోసి, ఇంజనుకి ముద్దు పెట్టడమొక్కటే తక్కువగా సాగనంపాడు. నేను ఈ ఊరు వదిలితే నాకు ఆమాత్రం వీడ్కోలు ఉంటుందా అని అనుమానమే. సరే, విను. నీళ్ల ట్యాంకును సరిగ్గా ట్రాలీ చక్రాల మీదికి వచ్చేలా బిగించు. వెనక్కి బిగిస్తే నీళ్లు నింపగానే బండి ముక్కు పైకి లేస్తుంది. ముందు నీళ్లు వదులు, గన్ను నొక్కి పట్టుకుని లోపలి గాలంతా పోనివ్వు, ఆ తర్వాతే ఇంజను తాడు లాగు. గన్ను మూసి ఇంజను నడుస్తుండగా ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు, పంపు ఉడికిపోతుంది. నాజిళ్లు నాలుగే పంపాను. ఎర్రది నా దగ్గరే ఉంచుకున్నాను. దానితో కడిగితే మురికితో పాటు గోడ కూడా పోతుంది, నీ చెయ్యి అసలే దుడుకు.

ఇక ఆ రోజు సంగతి. రాయకుండా ఉండలేను. పైపులో సన్నటి చిల్లు పడి, నీళ్లు వేలికి గుచ్చుకున్నాయని మన కూలీల్లో ఆ నిచ్చెనాయన గన్ను కింద పడేసి వెళ్లిపోయాడు. పని మధ్యలో ఆగింది. పనిలో ఉన్న ముగ్గురికీ ఆ రోజు కూలి ఇవ్వలేదు. "చీమ కుట్టిందని సెలవా?" అన్నాను. అన్న మాట నిజమే. మర్నాడు మనిషి నిక్షేపంగా వచ్చాడా లేదా? దానికి నువ్వు నలుగురి ముందూ నన్ను రాక్షసి అన్నావు. అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్లు, నాకు పందొమ్మిది. రాక్షసినైతే అప్పుడే తినేసేదాన్ని.

పోనీలే. నా మాట ఇది. వానలు మొదలయ్యేలోపు అక్కడ సొంతంగా పని నిలబెట్టి చూపించు. నిలబెడితే తిరిగి వచ్చెయ్యి, వ్యాపారం మనిద్దరికీ చెరిసగం. నిలబెట్టకపోయినా రా, కాకపోతే అప్పుడు నా కింద పనిచెయ్యాలి. నువ్వు రావడం మాత్రం ఖాయం అనుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వేళకి భోజనం చెయ్యి.

అక్క


ఫిబ్రవరి 17

యజమానురాలు గారి సముఖానికి,

పని మానేసిన పనివాడు వినయంగా రాయునది ఏమనగా, ట్రాలీ క్షేమంగా చేరింది. ట్యాంకు నువ్వు చెప్పినట్టే చక్రాల మీద బిగిద్దామనుకున్నాను. కానీ పైపు చుట్టే రీలుకి చోటు చాల్లేదని కొంచెం వెనక్కి జరిపాను. నీళ్లు నింపగానే బండి ముక్కు ఆకాశం చూసింది. టైర్ల కొట్టువాళ్లు నలుగురు పరిగెత్తుకొచ్చి ముందువైపు ఎక్కి కూర్చుంటే కిందికి దిగింది. నవ్వుకో. నువ్వు నవ్వుతావనే రాస్తున్నాను.

ఆ టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాను. పైన ఒక గది. బయటనుంచి మెట్లు, మెట్ల మీద రబ్బరు వాసన. కిటికీ తీస్తే ఎదురుగా ఓ పొడవాటి గోడ, నిండా నాచు. రోజూ లేవగానే దాన్ని చూసి, ఎన్ని గంటల పనో మనసులో లెక్కేస్తాను. మన వృత్తిలో ఉన్నవాళ్లకి ఊళ్లో శుభ్రమైనవేవీ కనపడవు కదక్కా.

మనుషులు ఇద్దరు దొరికారు. ఒకరు డ్రైవరన్న. పాతికేళ్లు బస్సు నడిపాడు. ఇప్పటికీ పైపు లాగే ముందు వెనక్కి తిరిగి చూసి "రైట్, రైట్" అంటాడు. ఇంకొకరు సబ్బు పిన్ని. యాభై ఐదేళ్లుంటాయి. లాండ్రీలో పనిచేసిన మనిషి. నాచు మందు, సబ్బు, నీళ్లు ఆవిడ కలిపితే చుక్క ఎక్కువ కాదు, చుక్క తక్కువ కాదు. నేను కలిపితే డబ్బా లాక్కుంటుంది.

కూలి సంగతి ముందే చెప్పేస్తున్నాను. నీ పద్ధతి నాకొద్దు. ఇక్కడ గంటకి ఇంత అని. వానొచ్చినా, యంత్రం మొండికేసినా, ఎవరి వేలికైనా నీళ్లు గుచ్చుకున్నా గంట గంటే. ఈ ఒక్క విషయంలో నా మాట నెగ్గనియ్యి. బావకి చెప్పు, ఇంజను మొదటి లాగుడుకే పలికిందని.

తమ్ముడు


ఫిబ్రవరి 26

చిన్నోడా,

బండి ముక్కు సంగతి చదివి మీ బావ కుర్చీలోంచి పడబోయాడు. ఆయన నవ్వు చూసి చాలా కాలమైంది, అందుకు నీకు కృతజ్ఞతలు.

గంటల కూలి సంగతికి మాత్రం ఒకే మాట. గంటకి ఇంత అని ఇస్తే మనుషులు గోడని కడగరు, గడియారాన్ని కడుగుతారు. నెల తిరగనీ, నువ్వే రాస్తావు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నీ దారి నీది.

నాకు మోకాళ్లు సహకరించడం లేదు. నిచ్చెన ఎక్కడం మానేశాను. కింద నిలబడి అరవడమే నా పని ఇప్పుడు. అది నాకు బాగా వచ్చు.

అక్క


మార్చి 19

అక్కా,

గెలిచావు. సంతోషమేనా?

పళ్ల డాక్టరు ఇంటి ప్రహరీ ఒకటి ఒప్పుకున్నాను. ఒక పూట పని. మూడు రోజులు పట్టింది. డ్రైవరన్న మంచివాడే కానీ, గజం గోడకి ఒక కథ చెప్తాడు. ఏ మలుపులో ఏ బస్సు ఎలా దిగబడిందో చెప్పడానికి గన్ను ఆపి, చేతులు రెండూ స్టీరింగులా తిప్పి చూపిస్తాడు. ఇంజను నడుస్తూనే ఉంటుంది. పంపు ఉడుకుతూనే ఉంటుంది. వాళ్లకి గంట గడుస్తూనే ఉంటుంది. డాక్టరు భార్య మేడ మీంచి చూస్తూ, ఇంకెన్నాళ్లు నాయనా అని అడిగింది. పక్క వీధిలో కొట్ల వరస మొత్తం నాకే ఇస్తామన్నవాళ్లు ఇది విని వేరేవాళ్లని పిలుచుకున్నారు. ఇలాగైతే వానల దాకా ఎందుకు, వచ్చే నెలకే నీ కింద చేరాలి.

కాబట్టి సిగ్గు విడిచి అడుగుతున్నాను. నీ పద్ధతి మొత్తం వివరంగా రాసి పంపు. ఏ వాటా ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి, అంతా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటావా? అను. ఊళ్లోవాళ్ల అడుసు కడుక్కుని బతికేవాణ్ణి, నాది నేను కడుక్కోలేనా?

ఒక్క సందేహం ఉంది. పని మధ్యలో ఎవరికైనా నిజంగానే ఒంట్లో బాగోకపోతే ఏం చెయ్యాలి? అక్కడే నాకు మింగుడుపడటం లేదు.

తమ్ముడు


మార్చి 25

నా బంగారు చిన్నోడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మీ బావ చేత పైకి చదివించుకున్నాను. నువ్వు నాకు "గెలిచావు" అని చెప్పడం పుట్టాక ఇదే మొదటిసారి.

పద్ధతి ఏముంది, తేలిక. పని చూసి మొత్తానికి ఒక ధర చెప్పు. అందులోంచి పెట్రోలు, మందు, నీళ్ల ఖర్చు తియ్యి. మిగిలినదాన్లో యంత్రానికి ఒక వాటా పక్కన పెట్టు, రేపు పైపు చిరిగినా పంపు పోయినా అదే ఆదుకోవాలి. తక్కినది మనుషులకి సమానంగా పంచు. గన్ను పట్టినవాడికీ పైపు లాగినవాడికీ ఒకటే. లేకపోతే అందరూ గన్నే పడతామంటారు, నిచ్చెన పట్టేవాడుండడు. పని పూర్తయి, ఇంటివాళ్లు చూసి సరే అన్నాకే కూలి. మధ్యలో ఆగితే ఆ పనికి ఎవరికీ ఏమీ లేదు. అప్పుడు చూడు, డ్రైవరన్న బస్సు కథలు బస్సులోనే ఉండిపోతాయి.

ఒంట్లో బాగోకపోతే అంటావా? ఒక్కసారి మెత్తబడ్డావో, మర్నాటి నుంచి అందరికీ కడుపునొప్పులే. మినహాయింపు అనే మాటే వద్దు. ముఖ్యంగా నిన్ను నువ్వు మినహాయించుకోకు. యజమాని వేలికి తగిలితే సెలవు, కూలివాడి వేలికి తగిలితే కోత అంటే ఎవడూ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. నేను రాక్షసినే కావచ్చు, కానీ ఇరవయ్యేళ్లలో నాకు నేను ఒక్కరోజు కూడా వెసులుబాటు ఇచ్చుకోలేదు. అందుకే మనవాళ్లు నన్ను తిట్టుకుంటారు గానీ వదిలిపోరు.

నువ్వు చెయ్యగలవు. నాకు తెలుసు.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

ఇది ట్రాలీ మీద కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు గెంతుతున్నాయి. నీ మంత్రం పారింది. పోయిన వారం ఒక పెట్రోలు బంకు గచ్చు, రెండు ఇళ్లు, ఒక గోడౌను పూర్తిచేశాం. డ్రైవరన్న ఇప్పుడు పని అయ్యాక కథ చెప్తున్నాడు. చెప్పకుండా దాచుకోవడం వల్ల కథలు ఇంకా రుచిగా తయారయ్యాయి. మొదటి పని కూలి పంచినప్పుడు సబ్బు పిన్ని రెండుసార్లు చూసుకుని, "ఇదంతా నాకే?" అంది. మన ముగ్గురికీ సమానం అని చెప్తే నమ్మలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఒక బడి దొరికింది. మూడంతస్తులు, ముందు పెద్ద ఆవరణ, పైకప్పు నిండా నాచు. పరీక్షల తర్వాతి సెలవులు అయిపోయి పిల్లలు కొత్త తరగతులకి సోమవారం వస్తారు. ఆదివారం సాయంత్రానికి మొత్తం పూర్తవ్వాలి. నాలుగు రోజులు. ఆ బడి యాజమాన్యానికే ఊళ్లో ఇంకో ఐదు భవనాలున్నాయి. ఇది నచ్చితే ఏడాది పొడుగునా అవన్నీ మాకే. అంటే పని నిలబడినట్టే కదక్కా? వానలకింకా రెండు నెలలుంది. చెరిసగం మాట గుర్తుందిగా? ఇప్పుడు మాట మారిస్తే ఊరుకోను.

పైపు ఒక్కటే పాతబడింది. రెండుచోట్ల టేపు చుట్టాను. కొత్తది చెప్పాను, వచ్చే వారం వస్తుంది. నాలుగు రోజులేగా, లాక్కొస్తుంది.

నిజం చెప్పనా? ఆ రోజు నిన్ను రాక్షసి అన్నందుకు ప్రతి రోజూ బాధపడుతూనే ఉన్నాను. ఎదురుగా చెప్దామని దాచిపెట్టాను గానీ, ఇవాళ సంతోషంలో చేతిలోంచి జారిపోయింది.

తమ్ముడు


ఏప్రిల్ 24

అక్కకి,

క్షేమం. బడి పని గడువులోపే పూర్తయింది. వాళ్లు చూసి సరే అన్నారు. అందరికీ కూలి అందింది. మిగతా భవనాల గురించి ఆలోచించి చెప్తామన్నారు. నాకు తీరిక లేక ఈ ఉత్తరం వేరేవాళ్ల చేత రాయిస్తున్నాను. బావకి నమస్కారాలు.

తమ్ముడు


ఏప్రిల్ 30

ఒరేయ్ దొంగా,

ఎవర్రా ఆ అమ్మాయి?

నాకు తెలియదనుకున్నావా? ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది, వరస తప్పలేదు, కొట్టివేత లేదు. మన వంశంలో అంత చక్కగా రాసినవాళ్లు లేరు. అది ఆడమనిషి చేతిరాత. తీరిక లేదట! ప్రేమలో పడ్డవాళ్లకి తీరికెక్కడుంటుందిలే. ఆ పక్కన కూర్చుని నువ్వు చెప్తుంటే ఆ పిల్ల రాయడం, నువ్వు మధ్యలో మాట మర్చిపోవడం, అంతా కళ్లకి కట్టినట్టు కనపడుతోంది. అందుకేగా నాలుగు ముక్కలతో సరిపెట్టావు.

అమ్మాయీ, ఇది నువ్వు కూడా చదువుతావని తెలుసు. వీడు మంచివాడే. తడి బూట్లు మాత్రం ఇంట్లోకి రానివ్వకు.

బడి పని పూర్తిచేశావని మేస్త్రీకి, నిచ్చెనాయనకి, అందరికీ చెప్పాను. మా తమ్ముడు అని చెప్పుకుంటూ వీధంతా తిరిగాను, మోకాళ్లనొప్పి కూడా తెలియలేదు. మేడ మీద గదికి సున్నం వేయిస్తున్నాను. ఇద్దరికీ సరిపోతుంది. ఎప్పుడొస్తున్నావో నీ కోడికెలుకుడు రాతతోనే రాయి, నాకు అదే ఇష్టం.

అక్క


మే 10

అక్కకి,

అలాంటిదేమీ లేదు. రాస్తున్నది పిన్ని. గది మీద డబ్బు ఖర్చు పెట్టకు. చెరిసగం మాట మర్చిపో. నేను తిరిగి రావడం కుదరదు. ట్రాలీకి, యంత్రానికి ధర కట్టి చెప్పు, నెమ్మదిగా పంపిస్తాను. కారణం అడగొద్దు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు


మే 16

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది? కరెంటు ఆఫీసువాళ్లు పంపే నోటీసులో ఇంతకంటే ఆప్యాయత ఉంటుంది.

నాకు అర్థమైంది. ఐదు భవనాలు చేతికొచ్చాయి, ఇక అక్కెందుకు? సగం ఎందుకు, మొత్తం నీదే అయినప్పుడు? యంత్రానికి ధర కట్టమంటావా? నీ చదువుకి కట్టనా ధర? నీ జ్వరాలకి కట్టనా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, నిన్ను పెంచడం కోసం మీ బావని నాలుగేళ్లు ఆగమన్నాను. ఆయన ఆగాడు. అడుగు ఆయన్ని, దానికి ఎంత కట్టమంటాడో.

తేలు కుట్టిన దొంగలా ఆ మౌనమేమిటి? కోపముంటే తిట్టు. తప్పు చేస్తే చెప్పు. కూలిమనిషి చేత రాయించి పడేస్తావా నాకు? రెండు ముక్కలు సొంతంగా రాయడానికి నీకు చేతులేమైనా పడిపోయాయా?

ఇక నేను రాయను.

అక్క


మే 22

అక్కకి,

ఉత్తరం అందింది. నువ్వు అన్నదాన్లో తప్పేమీ లేదు. నేను బాగానే ఉన్నాను.

తమ్ముడు

అమ్మా, ఆయన చెప్పింది అంతవరకే. ఇక్కణ్ణుంచి నా మాటలు. మీ తమ్ముడు సబ్బు పిన్ని అంటాడే, ఆ మనిషిని. నేను ఇది రాస్తున్నట్టు ఆయనకి తెలియదు. తెలిస్తే నన్ను పనిలోంచి తీసేసినా సరే.

బడి పనిలో రెండో రోజు, పొద్దున పది గంటలకి, పైపు మీద టేపు వదులైంది. ఎక్కణ్ణుంచో సన్నగా పొగలా నీళ్లు చిమ్ముతున్నాయి, ఎక్కడో కనపడటం లేదు. మీ తమ్ముడు ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టడానికి సమయం పోతుందని, కుడి చేత్తో పైపు తడుముకుంటూ వెళ్లాడు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అరచేతిలో ఒక చుక్క, అంతే. రక్తం కూడా సరిగ్గా రాలేదు. ఆ నీళ్లలో నేను కలిపిన నాచు మందు ఉంది. ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్దాం బాబూ అన్నాను. "చీమ కుట్టిందని సెలవా పిన్నీ?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. "మధ్యలో ఆగితే నీకూ లేదు, డ్రైవరన్నకీ లేదు, నాకూ లేదు. అదీ పద్ధతి" అన్నాడు.

సాయంత్రానికి చెయ్యి బరువెక్కింది. మూడో రోజు చేతి తొడుగు పట్టలేదు, గుడ్డ చుట్టుకున్నాడు. నాలుగో రోజు ఎడమ చేత్తో గన్ను పట్టి పైకప్పు పూర్తిచేశాడు. ఆ సాయంత్రం మా ఇద్దరికీ కూలి ఇచ్చాడు. డ్రైవరన్న నాకొద్దు, ముందు ఆస్పత్రికి పద అంటే కోప్పడ్డాడు. రాత్రికి జ్వరంతో పడిపోతే మేమే మోసుకెళ్లాం. బయటికి చుక్కే గానీ లోపలంతా మందు పాకిపోయిందట. గుచ్చుకున్న నాలుగైదు గంటల్లో వచ్చి ఉంటే కాపాడేవాళ్లమని డాక్టరు అన్నాడు. రెండుసార్లు కోశారు. మూడోసారి మణికట్టు దాకా చెయ్యి తీసేశారు.

ఐదు భవనాలు రాలేదమ్మా. వాళ్లు వేరేవాళ్లని పెట్టుకున్నారు.

ఒక్క చేత్తో కవరు చింపడం కుదరక, మీ ఉత్తరాలు నేనే విప్పి ఇస్తాను. మొన్నటిది చదువుకుని బోర్లా పెట్టాడు. నువ్వు చదవకు పిన్నీ అన్నాడు. చదివాను. మీకు తెలిస్తే కూలిపోతారని దాచాడు. కానీ మీరు ఇలా రాస్తూ ఉంటే ఆయన కూలిపోతాడు. అందుకే రాశాను.


జూన్ 9

నాన్నా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాలుగు కాగితాలు చింపేశాను. ఏ మాట రాయబోయినా అందులో చెయ్యి వస్తోంది. చేతులు కాలాక అని రాయబోయి ఆగాను. నా చేతులారా అని రాయబోయి ఆగాను. ఇన్నేళ్లూ ఎన్నిసార్లు ఎంత తేలిగ్గా వాడేశానో ఆ మాట.

పిన్ని ఉత్తరం మీ బావే ముందు చదివాడు. రెండు రోజులు షెడ్డులోనే ఇంజను తుడుస్తూ గడిపాడు. మూడో రోజు ఒకే మాట అన్నాడు. "వాడు నీ మాట విననన్నాళ్లూ బాగానే ఉన్నాడు" అన్నాడు. ఆయన నన్ను ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ కలిపి అదే అనుకున్నాను.

నిచ్చెనాయన ఇంటికి వెళ్లాను. ఆ రోజు ఆపిన కూలి ముగ్గురిదీ తీసుకెళ్లి, క్షమించమని అడిగాను. ఆయన కంగారుపడి కుర్చీ వేశాడు. నీ సంగతి చెప్తే తన వేలు చూసుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు, అప్పట్నుంచి ఇంకో రెండుసార్లు ఆయనకీ, ఒకసారి మేస్త్రీకీ గుచ్చుకున్నాయట. ఎవరూ నాకు చెప్పలేదు. వేలు నోట్లో పెట్టుకుని పని చేసుకుపోయారట. "మా అదృష్టం బాగుందమ్మా, మాకేమీ కాలేదు" అన్నాడు. నేనది నా క్రమశిక్షణ అనుకున్నాను చిన్నోడా. ఎవరూ సెలవడగకపోతే నా పద్ధతి గొప్పదనుకున్నాను.

మొన్న గురువారం నీ దగ్గరికి వచ్చాను. మెట్లెక్కి తలుపు కొట్టాను. నేనేరా, అక్కని అన్నాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. అటూ ఇటూ నడిచిన చప్పుడు కూడా విన్నాను. తలుపు తియ్యలేదు. అరగంట మెట్ల మీద కూర్చున్నాను. నన్ను చూడటం నీకు ఇష్టం లేదని అర్థమైంది. నాకు ఆ శిక్ష తక్కువే. ఇంకా కూర్చుంటే నిన్ను వేధించినట్టవుతుందని లేచి వచ్చేశాను. టైర్ల కొట్టతను మంచినీళ్లిచ్చాడు, తాగలేకపోయాను.

చెరిసగం కాదు, వ్యాపారం మొత్తం నీ పేర రాసేస్తాను. నేను కింద నిలబడి పైపు చుడతాను. అది కూడా వద్దంటే వద్దు. ఒక్కటే అడుగుతున్నాను. నన్ను తిట్టు. పిన్ని చేతే రాయించు. కానీ తిట్టు.

అక్క


జూలై 1

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను. ఎడమ చేత్తో. ఈ కాగితానికి నాలుగు రోజులు పట్టింది. అర్థం కాకపోతే బావ చేత చదివించుకో.

కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. నీ మీద కాదని రాద్దామనుకున్నాను. నీ మీదే. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా, డాక్టరు చెప్పిన ఆ ఐదు గంటలూ, నా చెవిలో నీ మాటే ఉంది. చెయ్యి ఏదో అవుతోందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఈ ఒక్క పనీ పూర్తిచేస్తే నువ్వు వీధంతా తిరిగి చెప్పుకుంటావని తెలుసు. ముప్పై ఆరేళ్లొచ్చినా నువ్వు మెచ్చుకోవాలన్న ఆశ పోలేదక్కా. అంచేత నా మీద కూడా కోపమే. నిన్నొక్కదాన్నే తిట్టమంటే ఎలా?

వ్యాపారం మొత్తం నాకొద్దు. ఇప్పుడు సగం కూడా వద్దు. యంత్రాన్ని డ్రైవరన్న, పిన్ని నడుపుతున్నారు. నేను పని మాట్లాడి వస్తాను. ఎవరికైనా నీళ్లు గుచ్చుకుంటే ఆ నిమిషమే ఇంజను ఆపాలి, పని పోయినా సరే కూలి మాత్రం అందరికీ పూర్తిగా. ఇలా చేస్తే నష్టమొస్తుందేమో. నువ్వైతే రాదని అబద్ధం చెప్పవు కాబట్టి నిన్ను అడగను.

ఆ గురువారం సంగతి. నువ్వు తలుపు వెనక విన్నది నిజమే, లోపల నేనే. నిన్ను చూడటం ఇష్టం లేక కాదు. నువ్వు కొట్టినప్పుడు ఒంటి మీద చొక్కా లేదు. గొంతు విని గబగబా తొడుక్కున్నాను. ఆ చెయ్యి నీకు ఒక్కసారిగా కనపడకూడదని చేతులు పొడుగున్న చొక్కా తీశాను. దానికి ఐదు గుండీలు. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోవడం నాకింకా రాలేదు. పిన్ని పెడతానంటే సిగ్గేసి ఎప్పుడూ వద్దంటాను. పలికితే వెంటనే తలుపు తియ్యమంటావని, గుండీలయ్యాకే పలుకుదామనుకున్నాను. కుర్చీలో కూర్చుని పెట్టుకున్నాను, కుదరలేదు. గోడకి ఆనుకుని నిలబడి పెట్టుకున్నాను. ఒకటి పెడుతుంటే ఇంకొకటి ఊడిపోతోంది. నువ్వు మెట్ల మీద ముక్కు చీదుకోవడం వినపడుతూనే ఉంది. ఒక్క నిమిషం అక్కా, ఒక్క నిమిషం అని లోపల్లోపలే అనుకుంటున్నాను. ఐదో గుండీ పెట్టి తలుపు తీసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

మళ్లీ రా. ఈసారి చొక్కా ఎలా ఉంటే అలాగే తలుపు తీస్తాను.

తమ్ముడు